అక్క కోసం మొక్కుకున్నా, పెనంట్ మెలాంగెల్ వెళ్ళి వచ్చాను

మొన్న మే చివర్లో బ్యాంక్ హాలిడేకి వెళ్ళొచ్చాం. ఆ సంతోషం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. గుంటూరులో అక్కకి పెద్ద ఆపరేషన్ అన్నప్పుడు ఇక్కడ ఇంగ్లండ్‌లో కూర్చుని నేను చేయగలిగిందేముంది, ఫోన్ పట్టుకుని ఏడవడం తప్ప. వేల్స్ కొండల్లో పెనంట్ మెలాంగెల్ అనే చోట పునీత మెలాంగెల్ గుడి ఉంది, జబ్బు చేసినవాళ్ళ పేర్లు చీటీల మీద రాసి పెడతారని నాతో పనిచేసే ఆవిడ చెప్పింది. మేం ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళం, గుణదల మాత తిరునాళ్ళకి వెళ్తూ పెరిగినవాళ్ళం, నాకు వేరే చెప్పాలా? అక్క క్షేమంగా ఇంటికొస్తే నేనే వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కేసుకున్నా. వచ్చింది.

ఆస్వెస్ట్రీ దాటి టనట్ లోయలోకి వెళ్ళేదాకా బాగానే ఉంది. చివరి ఊరు దాటాక బెర్విన్ కొండల మధ్యకి ఒక్క బండి మాత్రమే పట్టే దారి, మలుపు తిరగ్గానే ఎదురుగా ట్రాక్టర్. మా ఆయనకి రివర్స్ అంటేనే టెన్షన్, వెనకేమో ఇంకో కారు. ట్రాక్టర్ పెద్దాయన దిగొచ్చి, విసుక్కోకుండా, స్టీరింగ్ ఎటు తిప్పాలో చేత్తో చూపిస్తూ వెనక్కి నడిపించి, తన పొలం గేటు తీసి మా కారు లోపల పెట్టించాడు. గుడికే వెళ్తున్నామని తెలిసి, కాసేపు ఆగి, మా ఆవిడ పేరు కూడా ఒక చీటీ మీద రాసి పెడతారా అన్నాడు. అక్క చీటీ పక్కనే పెట్టి వచ్చాను.

గుడి చిన్నది, జనం మాత్రం విపరీతం. బురద బూట్లతో కొండలెక్కే గుంపు ఒకటి సరిగ్గా సమాధి ముందే నిలబడి మధ్యాహ్నం ఎక్కడ తినాలో చర్చ పెట్టుకుంది. బయటికెళ్ళి మాట్లాడుకోవచ్చు కదా! వాళ్ళు కదిలేదాకా, బలిపీఠం వైపుని వేరుచేసే చెక్క అడ్డుతెర చూస్తూ నిలబడ్డా. 15వ శతాబ్దపు చెక్క పని, 604లో వేటకొచ్చాడని కథలో చెప్పే పోవిస్ (పాత వేల్స్ రాజ్యం) రాజు బ్రోఖ్వెల్, వేటకాడు, మెలాంగెల్ తల్లి, కాపాడమన్నట్టు ఆమె దగ్గరికి పరిగెత్తే కుందేలు, అంతా వేలెడంత బొమ్మల్లో. ఆ కథ వల్లే ఈ లోయవాళ్ళు తరాలపాటు కుందేలుని చంపలేదు, వాటిని మెలాంగెల్ గొర్రెపిల్లలనేవాళ్ళట.

తర్వాత దొరికాయి రెండు నిమిషాలు. స్తంభాల మీద నిట్టనిలువు కప్పుతో 12వ శతాబ్దపు రాతి సమాధి. ప్రొటెస్టెంట్ మతసంస్కరణల కాలంలో దాన్ని పగలగొడితే ముక్కలు గోడల్లో, ముందు గేటులో కలిసిపోయాయి, మళ్ళీ 20వ శతాబ్దంలో వాటిని ఏరి నిలబెట్టారు. ఆకులు చెక్కిన పాత రాయి మధ్యలో నున్నటి కొత్త రాయి తెలిసిపోతూ ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టగానే నాకు ఏడుపు ఆగలేదు. ఏం ప్రార్థించానో గుర్తులేదు, థాంక్స్ మాత్రం చాలాసార్లు చెప్పా.

వేల ఏళ్ళవని చెప్పే యూ చెట్ల కింద ఎంతసేపు కూర్చున్నా ఒక్క కుందేలూ కనిపించలేదు. జనం అన్ని కుక్కల్ని తెస్తే అవెందుకొస్తాయి! రాత్రి వీడియో కాల్‌లో అక్కకి ఫోటోలన్నీ చూపించా. ఈసారి నన్నూ తీసుకెళ్ళవే అంది, వీసా ఖర్చు చెప్పేసరికి నాకు గుణదల చాల్లే అనేసింది.