కప్పు మీద శనివారం

ఉదయం ఎనిమిది దాటింది. ఎండ ఇంకా ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు, దాని కప్పు మీదికి పూర్తిగా ఎక్కలేదు. అతుకుల్లోంచి నీళ్లు దిగకుండా పోసే సీలెంట్ చూడటానికి ఇదే మంచి వేళ. చల్లగా ఉన్నప్పుడు పగుళ్లు నోరు తెరుచుకుని కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండకు అదే సీలెంట్ మెత్తబడి, ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది.

తొంభై రోజులకోసారి కప్పు ఎక్కి చూడాలన్నది చాదస్తం కాదు. చాలా కంపెనీలు తమ మాన్యువల్‌లోనే రాసిపెట్టిన షరతు. తక్కువ ధర ట్రావెల్ ట్రైలర్ కొన్నవాళ్లలో ఆ పేజీ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. రెండో చలికాలం దాటాక గోడ ఉబ్బుతుంది, వారంటీ కోసం ఫోన్ చేస్తారు, అవతలివాళ్లు ముందు అడిగేది సీలెంట్ ఎప్పుడెప్పుడు చూశారని. తేదీ, ఫోటో, ఏం చేశారో ఒక ముక్క: ఈ మూడూ చేతిలో ఉంటే మాట నిలబడుతుంది. ఈ డైరీ రాయడానికి సగం కారణం అదే.

కప్పు మీద నేరుగా కాలు వేయకూడదు. చౌక ట్రైలర్లలో కొన్నిటి కప్పు మనిషి బరువుకి కట్టింది కాదు. కింద సన్నపాటి దూలాలు, వాటి మీద పలచటి చెక్క, దాని మీద నీళ్లు దిగని పొర, అంతే. రెండు దూలాల మీద ఆనేలా ప్లైవుడ్ ముక్క పరిచి, దాని మీద మోకాళ్లతో జరుగుతూ పోవాలి. ఆ పై పొర ఈపీడీఎం అనే రబ్బరో, టీపీవో, పీవీసీ లాంటి ప్లాస్టిక్కో సీలెంట్ కొనేముందే తెలియాలి. ఈపీడీఎం వయసు మీరేకొద్దీ సుద్దలా తెల్లపొడి రాలుస్తుంది, పక్క గోడల మీద పడే తెల్లటి చారలు దానివే. పెట్రోలియం కలిసిన క్లీనర్ తగిలితే ఆ పొర ఉబ్బి పాడైపోతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లు చాలు.

వెంట్ పైపుల చుట్టూ బాగానే ఉంది. స్కైలైట్ వెనక మూలలో మాత్రం వెంట్రుకంత చీలిక, రెండంగుళాల పొడవు. చిన్నదే కదా అని వదిలేసే చోటు కూడా ఇదే. ట్రైలర్ రోడ్డు మీద కదిలినప్పుడల్లా ప్లాస్టిక్ ఫ్రేమొక వైపు, కప్పొక వైపు లాగుతాయి, ఆ చీలిక రోజూ కాస్త కాస్త నీళ్లు తాగుతూ ఉంటుంది. చేయవలసింది పెద్ద పనేం కాదు. ఊడొస్తున్న ముక్కల్ని ప్లాస్టిక్ గీకుడుతో తీసేసి, గట్టిగా పట్టుకున్నవాటిని అలాగే ఉంచి, సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, తనంతట తానే పరుచుకునే ల్యాప్ సీలెంట్‌ని పాతదాని అంచు దాటేలా పోయాలి. కప్పు మీద సమతలంగా ఉన్న చోట్లకే ఆ రకం. నిలువు గోడకి పోస్తే కారిపోతుంది, అక్కడికి జారని రకం వేరే ఉంది. నాలుగు గంటల్లో పైన చర్మం కడుతుంది, లోపలిదాకా గట్టిపడటానికి నెల పట్టొచ్చు. వాతావరణం 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే ఆ పూటకి పెట్టుకోకపోవడమే మేలు.

బాత్రూముల్లో వాడే సిలికాన్ ట్యూబు మాత్రం కప్పు దరిదాపులకి తేవద్దు. అది కొన్నాళ్లకే అంచులు లేచిపోతుంది. అదొకటే అయితే సర్దుకోవచ్చు. ఒకసారి సిలికాన్ అంటిన చోట ఇంకే సీలెంటూ పట్టదు, అసలు కష్టం అక్కడుంది. పాత ట్రైలర్ కొనేటప్పుడు కప్పు మీద మెరిసే సిలికాన్ గీత కనిపిస్తే, అక్కడెప్పుడో కారిందని, బాగుచేసినవాడికి ఈ పని తెలియదని రెండు సంగతులు ఒక్కసారే తెలుస్తాయి.

పది గంటలకి నేల మీద. ముందు కుడి మూల.

గోడ, గోడ కలిసే చోట అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాని మధ్య గాడిలో సన్నటి వినైల్ రిబ్బను. ఆ రిబ్బను ఎండకి కుంచించుకుపోయి కింద అంగుళం మేర పైకి లేచింది. దాని చాటున వరసగా స్క్రూలు. చివర్నుంచి మూడోది తిప్పితే పట్టు లేకుండా గిర్రున తిరిగి బయటికొచ్చింది. మొన సగం మేర నల్లగా, మరల మధ్య తడిసిన రంపపు పొట్టు లాంటి ముద్ద. తల దగ్గర ఒట్టి తుప్పే ఉండి మొన పొడిగా ఉంటే భయం లేదు. మొన నల్లగా వచ్చిందంటే చెక్క మెత్తబడటం మొదలైనట్టే. లోపల అదే మూలలో పిన్నుల చెమ్మ మీటరు గుచ్చితే 19 శాతం చూపించింది. 15 లోపు ఉంటే నిశ్చింత, 20 దాటితే గోడ తెరవాలి. అంటే ఇది సరిగ్గా అంచున ఉంది.

ఇలాంటప్పుడు పట్టీ పైనుంచి సీలెంట్ పూసి చేతులు దులుపుకోవడం మామూలుగా జరిగే తప్పు. లోపలి తడిని లోపలే బంధించడమవుతుంది. పట్టీ మొత్తం విప్పాలి. వెనకాల ఫ్యాక్టరీ పెట్టిన పుట్టీ టేపు ఎండి బిస్కెట్టులా విరుగుతుంది, దాన్ని గీకెయ్యాలి. రెండు మూడు రోజులు తెరిచే ఉంచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. తర్వాత అంగుళం వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్న బ్యూటిల్ టేపు, అంటే జిగట రబ్బరు పట్టీ, కొత్తది పరిచి, ఎనిమిదో నంబరు స్క్రూ వదులైన చోట పదో నంబరు స్టెయిన్‌లెస్ స్క్రూ వేయాలి. బిగించేకొద్దీ బ్యూటిల్ అంచుల్లోంచి పిండినట్టు బయటికొస్తుంది. రాకపోతే ఎక్కడో ఖాళీ ఉన్నట్టు. మర్నాడు ఇంకోసారి బిగించి, పొంగినదాన్ని కోసేస్తే చాలు. కిటికీలకి పై అంచు, రెండు పక్కలు మాత్రమే సీలెంట్. కింది అంచు మూసేస్తే లోపలికి దిగిన నీళ్లకి బయటికి దారుండదు.

ఈ మాదిరి రేకు గోడల ట్రైలర్‌ని అమెరికాలో చిన్నచూపు చూస్తారు. లోపల ఒకటిన్నర అంగుళాల చదరపు పైన్ కర్రలు, మధ్యలో ఫైబర్‌గ్లాస్ ఉన్ని, బయట ముడతల అల్యూమినియం రేకు, లోపల లువాన్ అనే మూడు మిల్లీమీటర్ల పలచటి ప్లైవుడ్ చెక్క. చూడ్డానికి డాబు లేదు. కానీ రేకు విప్పి, కుళ్లిన కర్ర కోసి, కొత్తది పెట్టి మళ్లీ రేకు బిగించవచ్చు. ఇంట్లో ఉండే పనిముట్లతోనే. నున్నటి ఫైబర్‌గ్లాస్ గోడలవి అల్యూమినియం గొట్టాలు, ఫోము, లువాన్, పై పొర అన్నీ కలిపి అతికించిన బిళ్లలు. వాటిలోకి నీళ్లు దిగి జిగురు వదిలితే గోడ బుడగలా లేస్తుంది, దాన్ని వెనక్కి అతికించే దారి దాదాపు లేదు. లువాన్ బదులు అజ్‌డెల్ లాంటి కుళ్లని పలక వాడితే కొంత నయం. నా మటుకు, కొద్దిపాటి డబ్బుతో కొనేవాళ్లకి రేకు గోడే నిజాయితీ గలది: పాడైతే పాడైనట్టు చెప్తుంది, బాగుచేయనిస్తుంది.

మధ్యాహ్నం ఎండ ముదిరింది, నీడలో కాగితాల పని. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో, అంటే ఇలాంటి ట్రైలర్లు, ఇల్లులా వాడే మోటారు బళ్లు, అన్నిటిలో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే పుడతాయి. అక్కడ చాలా లైన్లలో కూలి గంటల లెక్కన కాదు, కట్టిన ట్రైలర్ల లెక్కన. త్వరగా ముగిస్తే త్వరగా ఇంటికి. 2021లో ఆరు లక్షల పైచిలుకు ఆర్వీలు ఫ్యాక్టరీలు దాటాయి, అంతకు ముందెప్పుడూ లేనంత సంఖ్య. ఆ ఏటి ట్రైలర్ వాడినది కొంటుంటే ప్రతి స్క్రూ తిప్పి చూడటం దండగ పని కాదు.

పైన పటారం, లోన లొటారం అని తిట్టెయ్యడం తేలికే. అయితే చౌక ట్రైలర్‌లో ఉన్న ఛాసిస్, ఇరుసులు, హీటరు, ఏసీ చేసేది ఎవరో, ఖరీదైన దానికి చేసేదీ చాలాసార్లు వాళ్లే. లిపర్ట్, డెక్‌స్టర్, సబర్బన్, డొమెటిక్ పేర్లు రెండిట్లోనూ కనిపిస్తాయి. తేడా ఎక్కువగా వస్తువుల్లో లేదు, వాటిని బిగించిన చేతి తీరికలో ఉంది. ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన ఆ తీరిక దొరుకుతుందని కూడా లేదు. అందుకే కొన్నవాడు ఫ్యాక్టరీలో చివరి షిఫ్టు తనదే అనుకుని దిగితే నిరాశ తక్కువ. కొత్త ట్రైలర్‌కి రెండు మూడు వారాంతాలు ఆ షిఫ్టుకే కేటాయించి, మొదటి రెండు రాత్రులు ఇంటి ముందే పడుకుని, అన్నీ వాడి చూడాలి.

తలుపు పక్కన ఆర్వీ పరిశ్రమ సంఘం ఆర్వీఐఏ ముద్ర ఉంటుంది. అది మంటలు, గ్యాస్, నీళ్ల పైపులు, కరెంటు భద్రతా నియమాలు పాటించామనే మాట. అల్మరా తలుపు సరిగా మూసుకుంటుందని కాదు. వారంటీ మామూలుగా ఒక ఏడాది. లోపాలున్న బండి కొన్నవాళ్లని కాపాడుతూ కార్లకి వర్తించే లెమన్ చట్టాలు చాలా రాష్ట్రాల్లో లాక్కెళ్లే ట్రైలర్లకి వర్తించవు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది గానీ, దానికీ రాతపూర్వకమైన ఫిర్యాదులు, తేదీలు కావాలి. ఫోన్లో చెప్పిన మాటలు ఎవరికీ గుర్తుండవు.

పసుపు స్టిక్కరు ఎదురుగానే ఉన్నా ఎవరూ చదవరు. సరుకు బరువు ఇంతకి మించరాదని దాని మీద పౌండ్లలో ఉంటుంది. అది 900 అనుకుందాం. నలభై గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపితే గ్యాలనుకి 8.3 చొప్పున 332 పౌండ్లు అక్కడే పోయాయి. మిగిలిన దాంట్లో దుప్పట్లు, వంటసామాను, కుర్చీలు, సైకిళ్లు, డీలరు తగిలించిన రెండో బ్యాటరీ. నలుగురు పడుకునే ట్రైలర్‌కి అది ఇట్టే నిండుతుంది.

టైర్ల లెక్క ఇంకా కఠినం. ఒంటి ఇరుసు ట్రైలర్లలో చాలావాటికి 3,500 పౌండ్ల ఇరుసు వేస్తారు. కంపెనీ టైరు ఎస్టీ 205/75ఆర్14, లోడ్ రేంజ్ (మోసే బరువు తరగతి) సీ అయితే 50 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర ఒక్కోటి 1,760 పౌండ్లు మోస్తుంది. రెండూ కలిపి 3,520. అంటే ఇరుసు నిండా బరువుంటే చేతిలో మిగిలింది ఇరవై పౌండ్లు! గాలి కాస్త తగ్గినా, బరువు ఒక పక్కకి ఒరిగినా ఆ ఇరవై ఆవిరి. టైర్లు పేలిపోయాయని అవి తయారైన దేశాన్ని తిడతారు గానీ, ఈ కూడిక ఎవరూ వేయరు. అదే సైజులో లోడ్ రేంజ్ డీ అయితే 65 పీఎస్ఐకి 2,040 మోస్తుంది. రిమ్ము, వాల్వు ఆ ఒత్తిడికి తగినవో కాదో వెనకవైపు ముద్ర చూసి మరీ మార్చాలి. టైరు మారిందని ఇరుసు బలం పెరగదు, అది 3,500 దగ్గరే ఆగుతుంది.

చక్రాల నట్లు బిగువు కొలిచే టార్క్ రెంచితో సరిచూడటం అయింది. అర అంగుళం స్టడ్లకి 90 నుంచి 120 అడుగు-పౌండ్లు. కొత్త ట్రైలర్‌కీ, చక్రం విప్పి వేసినప్పుడూ 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ బిగించాలి. స్ప్రింగు కళ్లలో, అంటే బోల్టు దూరే కంతల్లో, తొడిగిన నైలాన్ బుషింగులు చౌక ట్రైలర్లలో అందరికంటే ముందు అరిగేవి. అవి పోయాక బోల్టు ఇనుము మీద ఇనుమై తన కంత తానే కోసుకుంటుంది. కంచు బుషింగులు, గ్రీజు ఎక్కే బోల్టులు కిట్టుగా దొరుకుతాయి, ఒక పూట పని. ఈ బ్రేకులు కరెంటు అయస్కాంతాలతో పట్టేవి, వాటి వైర్ల జాయింట్లు కింద గాలికి వేలాడుతూ ఉంటాయి. పది అంగుళాల బ్రేకుకి ఒక్కో అయస్కాంతం సుమారు మూడు ఆంపియర్లు లాగాలి. రెండు బ్రేకులకి ఆమీటరు ఆరుకి బాగా కింద చూపిస్తే ఏదో జాయింటు తుప్పు పట్టిందని అర్థం.

సాయంత్రం లోపలి పని. డ్రాయర్లు స్టేపుల్స్‌తో కొట్టినవే, మూలల్లో చెక్క జిగురు రాసి ఒక స్క్రూ వేస్తే గట్టిపడతాయి. పలచటి గోడకి ఏ కొక్కెమైనా తగిలించే ముందు వెనక కర్ర ఎక్కడుందో వెతకాలి, మూడు మిల్లీమీటర్ల చెక్క ఏ స్క్రూనీ పట్టుకోదు. షవరు తొట్టి మధ్యలో కాలు పెడితే కిందికి లొట్ట పోతోందంటే అడుగున ఆధారం లేనట్టు. తక్కువగా ఉబ్బే ఫోము కొద్దికొద్దిగా కొట్టాలి, ఒకేసారి కొడితే తొట్టే పైకి లేస్తుంది.

నీళ్ల పంపు ముందున్న జాలీ విప్పితే అడుగున తెల్లటి ప్లాస్టిక్ పొట్టు, ట్యాంకుకి కంతలు పెట్టినప్పుడు రాలినది. మూడేళ్ల తర్వాత కూడా ఇంకా వస్తూనే ఉంది. కడిగి బిగించి, పంపు ఆన్ చేసి, కుళాయిలన్నీ కట్టేసి, లైట్లు, ఫ్యాను ఆపి నిశ్శబ్దంగా కూర్చోవాలి. లీకు పరీక్షల్లో ఇంతకంటే చవకది లేదు. ఒత్తిడి నిండాక పంపు నోరెత్తకూడదు. ఏడో నిమిషంలో ఒకసారి గుర్రుమంది. మళ్లీ పదిహేనో నిమిషంలో. టార్చి పట్టుకుని ఒక్కో జాయింటు కింద పొడి టిష్యూ కాగితం ఆనించుకుంటూ పోతే, టాయిలెట్ వెనక చేత్తో బిగించే ప్లాస్టిక్ నట్టు దగ్గర కాగితం తడిసింది. పావు చుట్టు, చేత్తోనే. రెంచి పెడితే మర పగులుతుంది.

మళ్లీ కూర్చుంటే అరగంట గడిచినా పంపు పలకలేదు. ఫోటోలు పదకొండు. ముందు కుడి మూల పట్టీ విప్పే ఉంది, ఫ్యాను తిరుగుతోంది, మంగళవారం మీటరు మళ్లీ గుచ్చాలి. కొనవలసినవి: బ్యూటిల్ టేపు రెండు చుట్లు, పదో నంబరు స్టెయిన్‌లెస్ స్క్రూలు ముప్పై, వినైల్ రిబ్బను ముప్పై అడుగులు.