మొదటి గ్రాప్లింగ్ టోర్నమెంట్: మూడు మ్యాచ్‌లు, తర్వాత ఆరు వారాలు

గ్రాప్లింగ్ అంటే మ్యాటు మీద పట్లు పట్టి అవతలివాణ్ణి లొంగదీసే ఆట. అందులో మూడు మ్యాచ్‌లు ఆడాను, ఒకటి గెలిచి రెండు ఓడాను. ఓడిన వాటిలో ఒకటి పాయింట్ల మీద, ఇంకొకటి మెడ పట్టుకు దొరికి. మెడ పట్టు పడిన మ్యాచ్‌ను తమ్ముడు ఫోన్‌లో తీశాడు, నేను ట్యాప్ చేసింది, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నది, 3 నిమిషాల 10 సెకన్ల దగ్గర. కానీ నేను వీడియో ఆపి మళ్ళీ మళ్ళీ చూసేది అక్కడ కాదు, దానికి ఇరవై సెకన్ల ముందు. పడుతూ పడుతూ, వీపు ఇంకా మ్యాటుకు తగలకముందే గిర్రున బోర్లా తిరిగిపోతాను. నన్నెవరూ తిప్పలేదు, అవతలి అతని చేతులు అప్పటికి నా మీద సరిగ్గా పడను కూడా లేదు. రాసుకోవాల్సినవి చాలా ఉన్నాయి కానీ అన్నీ ఆ ఒక్క తిరుగుడు దగ్గరికే వస్తున్నాయి.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మిర్చి బజారులో రెండూ. అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. పన్నెండేళ్ళ వయసు నుంచి కుస్తీ నేర్పే తాలీమ్‌కు పోతున్నాను, ఇప్పుడు ఇరవై ఎనిమిది. మజ్జిగ, పసుపు, నిమ్మరసం, నూనె కలిపి తవ్విన ఎర్ర మట్టి, తెల్లారకముందే దండీలు, బస్కీలు, జాత్రలు వస్తే ఊరూరా కుస్తీలు. చిన్నప్పుడు గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే కుస్తీలు పట్టాను, తర్వాత వంద రూపాయలవి, ఐదు వందలవి. వెండి కడెం కుస్తీ దాకా ఎప్పుడూ పోలేదు. రెండేళ్ళ కింద నిజామాబాద్‌లో ఒక జిమ్‌లో గ్రాప్లింగ్ నేర్పుతున్నారని తెలిసి ఆదివారాలు రైలెక్కడం మొదలుపెట్టాను. బాసర దాటి గోదావరి బ్రిడ్జి మీదికి రైలు రాగానే నాకు హుషారు వచ్చేస్తుంది, ఇప్పటికీ అంతే.

కుస్తీ తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మట్టి కుస్తీలో గెలుపు ఒకటే: అవతలివాడి రెండు భుజాలూ నేలకు ఆనించాలి. ఆనాయా, చిత్. జనం లేచి ఈలలు వేస్తారు, తలపాగాలు ఎగరేస్తారు, అంతటితో అయిపోయినట్టే. అందుకే పదహారేళ్ళుగా నా ఒళ్ళు నేర్చుకున్నది ఒక్కటే, ఏమైనా కానీ వెల్లకిలా పడొద్దు, పడేటట్టుంటే బోర్లా తిరుగు, మట్టి కరుచుకుని పడుకో. బోర్లా పడుకున్నవాణ్ణి తిప్పడం ఎంత కష్టమో తాలీమ్‌లో ఎవరినడిగినా చెప్తారు. సబ్మిషన్ గ్రాప్లింగ్‌లో చిత్ లేదు. వెల్లకిలా పడుకుని, కాళ్ళతో అవతలివాణ్ణి కట్టేసి, అక్కడి నుంచే గెలవొచ్చు, దాన్నే గార్డ్ అంటారు. బోర్లా తిరిగి వీపు అప్పగించడమే అక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఎందుకంటే వీపెక్కినవాడి చేతులు నీకు కనిపించవు, నీ మెడ మాత్రం అతని ముందే ఉంటుంది. ఇది నాకు రెండేళ్ళుగా తెలుసు. నోటితో అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

తయారీ ఎనిమిది వారాలు. 77 కిలోల లోపు విభాగంలో పేరిచ్చాను, అప్పుడు 78.4 ఉన్నాను. రాత్రి అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలు, పప్పు, దాంతోనే 75.9కి దిగాను. చివరి రోజు నీళ్ళు మానడం, చెమట పట్టించడం ఏమీ చేయలేదు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అదే నా సలహా, బరువు సంగతి నెల ముందే తేల్చుకోండి. వారానికి మూడు రోజులు ఐదు నిమిషాల రౌండ్లు ఐదు, మధ్యలో నిమిషం విశ్రాంతి. సామానులో ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల బనియన్లు, అంటే రాష్‌గార్డ్ రెండు (మొదటి మ్యాచ్‌కే ఒకటి తడిసి ముద్దయింది, రెండోది లేకపోతే చలికి వణికేవాణ్ణి), జేబులూ జిప్పూ లేని షార్ట్స్, ఎందుకంటే వాటిలో అవతలివాళ్ళ వేళ్ళు ఇరుక్కుంటాయి, వేడి నీళ్ళలో ముంచి పళ్ళకు అచ్చు తీసుకునే మౌత్‌గార్డ్, చెప్పులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అరటిపళ్ళు, ఖర్జూరం. గోళ్ళు ముందు రోజే కత్తిరించుకున్నాను. తూకం దగ్గర చర్మం కూడా చూశారు, తామర ఉంటే మ్యాటు ఎక్కనివ్వరు, మట్టిలో ఆడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుని రెండు వారాల ముందే మందు రాసుకోవాలి.

హైదరాబాద్‌కు ముందు రోజు సాయంత్రమే తమ్ముడితో వెళ్ళాను. పొద్దున తూకం 75.6. తొమ్మిదికి మొదలన్నారు, నా పేరు పిలిచేసరికి పన్నెండు దాటింది. నేను తొమ్మిదికే ఒళ్ళు వేడి చేసుకుని, చల్లబడి, మళ్ళీ వేడి చేసుకుని, ఆ టెన్షన్‌లో ఏమీ తినక సగం శక్తి అక్కడే పోగొట్టుకున్నాను. వచ్చేసారి నా ముందు రెండు మ్యాచ్‌లు మిగిలినప్పుడు మొదలుపెడతాను, అప్పటిదాకా కూర్చుని గంటకో అరటిపండు తింటాను.

రూల్స్ ఏడీసీసీ పద్ధతిలో, అంటే 1998లో అబుదాబిలో మొదలైన పోటీల పద్ధతి. మ్యాచ్ మొదటి సగంలో పాయింట్లు ఉండవు, పట్టు పడి ట్యాప్ చేయిస్తేనే గెలుపు. రెండో సగం నుంచి పాయింట్లు: పడగొడితే 2, గార్డ్ దాటితే 3, రెండు కాళ్ళ కొక్కేలూ వేసి (అంటే మడమలు అవతలివాడి తొడల లోపలికి పెట్టి) వీపెక్కితే 3, కింద ఉన్నవాడు తిరగేసి పైకొస్తే 2. ఏ స్థితైనా మూడు సెకన్లు నిలబెట్టాలి. కాగితం మీద చదివాను, కోచ్ అన్న నాలుగుసార్లు చెప్పాడు.

అయినా మొదటి మ్యాచ్‌లో ఏం చేశానంటే, 20 సెకన్ల దగ్గర ఏకేరీ పట్ (ఒక కాలు పట్టడం) తీసి పడగొట్టాను, 55 దగ్గర మళ్ళీ, 1:40 దగ్గర కలాజంగ్ (భుజాల మీదికి ఎత్తి పడేయడం) వేసి మూడోసారి. ఒక్కటీ లెక్కకు రాలేదు, రెండున్నర నిమిషాల దాకా పాయింట్లే లేవు కదా. పడిన ప్రతిసారీ అతను ప్రశాంతంగా కాళ్ళు నా నడుముకు చుట్టి, చీలమండలు మెలివేసి కూర్చున్నాడు. రెండో సగానికి నా ముంజేతులు బండరాళ్ళయ్యాయి. చెమటకు పట్టు జారిపోతుంటే నా కుడిచేయి దానంతట అదే కిందికి పోయింది, మట్టి తీసి అతని మెడకు రాయడానికి. తాలీమ్‌లో పట్టు జారితే అలాగే చేస్తాం, పిడికెడు మట్టి తీసి ఒకరికొకరు చల్లుకుంటాం. వేళ్ళకు మెత్తటి ఫోమ్ తగిలింది. ఆ అర సెకను నాకు చాలా స్పష్టంగా గుర్తుంది, ఎందుకంటే నేను ఎక్కడున్నానో నా ఒంటికి తెలియలేదని అప్పుడే అర్థమైంది. 3:30 దగ్గర దుహేరీ పట్‌తో (రెండు కాళ్ళూ పట్టి) ఒకసారి పడగొట్టి, 2–0తో గెలిచాను.

రెండో మ్యాచ్. ఇతను పొడగరి, నా ఏకేరీ పట్ దొరికాక కూడా ఒంటికాలి మీద గెంతుతూ నిలబడి, నేను ఇంకా ముందుకు తోయగానే ఆ తోపునే వాడుకుని నా రెండో కాలికి లోపల నుంచి మెలిక వేశాడు. వెనక్కి పడుతున్నాను. అక్కడ చేయాల్సింది చాలా చిన్న పని: పిర్రల మీద కూర్చుని, మోకాళ్ళు ఛాతీ దగ్గరికి తెచ్చి, అతనికీ నాకూ మధ్య కాళ్ళు పెట్టడం. నేను తిరిగాను. మోకాళ్ళ మీద, మోచేతుల మీద, తల కిందికి పెట్టి, తాలీమ్‌లో ఎలా కరుచుకుంటామో అచ్చం అలాగే. అతను రెండు సెకన్లలో వీపెక్కాడు, ఎడమ మడమ నా తొడ లోపలికి, తర్వాత కుడి మడమ. ఒక చేయి చంక కింద నుంచి, ఒకటి భుజం మీద నుంచి. నేను గడ్డం ఛాతీకి నొక్కిపెట్టాను, అదొక్కటే కాపాడుతుందనుకున్నాను. బొటనవేలి వైపు ఎముక గడ్డం అంచున రాసుకుంటూ నెమ్మదిగా లోపలికి జారింది, అతని మోచేతి మడత సరిగ్గా నా గొంతు ముందుకు వచ్చి ఆగింది. నొప్పి లేదు. ఊపిరి కూడా ఆడుతోంది. అందుకే ఇంకా సమయం ఉందనుకున్నాను. ఈ పట్టు గొంతును కాదు, మెడకు రెండు పక్కలా ఉండే రక్తనాళాలను నొక్కుతుంది, తలకు రక్తం ఆగితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. చెవుల్లో హోరు, చూపు అంచుల నుంచి నల్లబడటం మొదలైంది, ఎడమ చేత్తో అతని ముంజేతి మీద మూడుసార్లు కొట్టాను. అతను వెంటనే వదిలేసి, నన్ను కూర్చోబెట్టి, వీపు మీద చేయి వేసి బాగున్నావా అన్నా అని అడిగాడు. ఆ మంచితనం మర్చిపోను.

కొత్తవాళ్ళకు గట్టిగా చెప్తున్నాను: ఊపిరి ఆడుతోంది కదా అని ఆగకండి. కుస్తీ నుంచి వచ్చినవాళ్ళకు ట్యాప్ అనేది అలవాటు లేని పని, దాన్ని కూడా ప్రాక్టీస్ చేయాలి.

మూడో మ్యాచ్ మూడో స్థానం కోసం. రెఫరీ చేయి ఊపగానే అబ్బాయి నా ముందు కూర్చున్నాడు, అంతే, గార్డ్‌లోకి లాగాడు. మొదటి సగంలో దానికి శిక్ష లేదు. రెండు నిమిషాలు నేను అతని కాళ్ళు దాటలేకపోయాను, 3:05 దగ్గర నా చేయి, అదే వైపు కాలు కలిపి పట్టి తిరగేశాడు, 2 పాయింట్లు. నేను వెల్లకిలా పడ్డాను. ఎడమ భుజం లేచింది, తిరగబోతున్నాను. పక్క నుంచి కోచ్ అన్న అరుపు: "తిరగకురా! కాళ్ళు కట్టెయ్!" భుజం మళ్ళీ ఆనించాను. రెండు భుజాలూ, పూర్తిగా. కాళ్ళు అతని నడుముకు చుట్టి, తల కిందికి లాగి పట్టుకున్నాను. దాదాపు రెండు నిమిషాలు అలాగే ఉన్నాను, ఒకసారి అతని చేయి మెలిపెట్టబోయాను కూడా, కుదరలేదు. 0–2తో ఓడాను. నాకు ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే నచ్చిన రెండు నిమిషాలు అవి.

తిరిగి వచ్చాక తాలీమ్‌లో నాకు కుస్తీ నేర్పిన వస్తాద్‌కు వీడియో చూపించడానికి రెండు రోజులు వెనకాడాను. తాలీమ్ గోడకు మారుతి పటం పక్కన ఖాశాబా జాధవ్ ఫోటో ఉంటుంది. వస్తాద్ వీడియో రెండుసార్లు చూసి, ఆ ఫోటో వైపు చేయి చూపించారు. మట్టిలో పెరిగిన ఖాశాబాకు 1948 లండన్ ఒలింపిక్స్‌లో మ్యాటూ కొత్త, ఆ రూల్సూ కొత్త, ఆరో స్థానంతో వెనక్కి వచ్చాడు. అవే నేర్చుకుని 1952లో హెల్సింకీలో కంచు గెలిచాడు, స్వతంత్ర భారతానికి ఒక మనిషి ఒంటరిగా తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అదే. తర్వాత అన్నారు, "వీపు ఆనొద్దని నీకు నేర్పింది నేనే బిడ్డా. ఇక్కడ ఆనొద్దు. అక్కడ ఎట్ల ఆనించాల్నో నాకు చూపెట్టు." మట్టిలో పడుకుని చూపించాను. చుట్టూ ఉన్న పిల్లలు "చిత్! చిత్!" అని అరిచారు. వస్తాద్ వాళ్ళను ఆపి, తమ్ముడు నా కాళ్ళ మధ్య నుంచి బయటపడటానికి ఎన్ని తిప్పలు పడుతున్నాడో నిమిషంసేపు కళ్ళార్పకుండా చూశారు.

ఇప్పుడు చేస్తున్నది: ప్రతి రౌండు చెడ్డ చోటి నుంచే మొదలు. తమ్ముడు నా వీపెక్కి రెండు కొక్కేలూ వేశాకే టైమర్ నొక్కుతాం. మెడ మీదికి వచ్చే చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగడం, తుంటి జార్చడం, ఒక కాలి కొక్కెం తీయడం, ఆ తర్వాత భుజాలు మ్యాటుకు ఆనించి అతని వైపు తిరగడం. వీపు పట్టు నుంచి బయటపడే దారి కూడా వీపు నేలకు ఆనించడమే, దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. రెండోది, తోస్తే పడటం: తమ్ముడు చెప్పకుండా తోస్తాడు, నేను ప్రతిసారీ కూర్చుని కాళ్ళు మధ్యలో పెట్టాలి. రోజుకు యాభై. మొదటి వారం యాభైలో ముప్పై సార్లు తిరిగిపోయాను, ఆరో వారం నిన్నటి లెక్క ఆరు. అలసిపోయిన చివరి పదిలోనే ఆ ఆరూ. కాబట్టి ఇకనుంచి ఐదు రౌండ్లు అయ్యాక, ముంజేతులు బిగుసుకున్నాకే ఈ యాభై మొదలుపెడుతున్నాను. వీపు పట్టు నుంచి ఇరవైలో ఏడుసార్లు బయటపడ్డాను, మిగతా పదమూడూ ట్యాప్ చేశాను, ఒక్కదానికీ ఆలస్యం చేయలేదు.

తమ్ముడూ పేరిస్తానంటున్నాడు, 66 కిలోల లోపు. వాడు కూడా తాలీమ్‌లో పెరిగినవాడే కాబట్టి వాడి తిరుగుడు నాకంటే వేగం, రేపటి నుంచి యాభైలో ఇరవై ఐదు వాడివి. ఈ ఆదివారం ఇద్దరం నిజామాబాద్ పోతున్నాం. వస్తాద్ కూడా వస్తానన్నారు, ఆ మ్యాటు ఎట్లుంటుందో కాలు పెట్టి చూస్తారట.