ఒక టైరు పోతే నాలుగూ మార్చాలట

టైరు ఒకటి పోతే నాలుగూ మార్చాలట. శనివారం మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

నిన్న సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే పార్కర్ రోడ్డు మీద గుంట కనబడలేదు. చలికాలం పోతూ పోతూ డెన్వర్ రోడ్లని ఇలాగే చేసి పోతుంది, పగలు కరిగిన మంచునీళ్ళు తారులోకి దిగి రాత్రికి గడ్డకట్టి పెచ్చులు లేపేస్తాయి. ముందు కుడివైపు టైరు సైడ్‌వాల్, అంటే పక్కగోడ, కోసుకుపోయింది. నేల మీద ఆనే భాగంలో మేకు దిగితే ప్యాచ్ వేయించుకోవచ్చు కానీ సైడ్‌వాల్ పోతే ఇక ఏ షాపువాడూ ముట్టుకోడు.

పొద్దున్నే స్టెప్నీ మీద మెల్లగా నడుపుకుంటూ టైరు షాపుకి బయల్దేరాను. నాన్న కూడా వస్తానన్నారు. ఆయన వచ్చి నెల దాటింది, ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగొచ్చేసింది, టైరు షాపన్నా సరే చెప్పులేసుకుని తయారు. రిటైరయ్యేదాకా కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరు, సర్వీసులో సగం పైగా సీలేరు, చింతపల్లి ఏజెన్సీలోనే గడిచింది. బండికి వేసిన స్టెప్నీ చూసి మొదటి మాటే "ఏటమ్మా ఇది, సైకిలు టైరులా ఉంది" అన్నారు.

షాపులో కుర్రాడు గేజి పెట్టి మిగతా మూడూ చూశాడు. ఇక్కడ టైరు గాడి లోతు అంగుళాన్ని 32 భాగాలు చేసి చెప్తారు. కొత్తది 10 ఉంటే నావి 6 దగ్గర ఉన్నాయి. అంటే ఇంకా చక్కగా రెండేళ్ళు తిరిగే టైర్లు. అయినా "నాలుగూ మార్చాలి, ఇది సుబారు కదా" అని వెయ్యి డాలర్లకి దగ్గరగా లెక్క రాసి చేతిలో పెట్టాడు. మోసం చేస్తున్నాడేమో అని నాకు అనుమానం. నాది సుబారులో ఔట్‌బ్యాక్ మోడల్, గ్లవ్ బాక్సులోంచి దాని పుస్తకం తీసి చూస్తే, నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే రకం ఉండాలనీ, అరుగుదల కూడా ఒకేలా ఉండాలనీ అందులోనే ఉంది.

నాన్నకి ఇదంతా ఎలా వివరించాలా అనుకున్నాను గానీ ఆయనకి అక్కర్లేకపోయింది. ఈ బండిలో నాలుగు చక్రాలూ ఎప్పుడూ ఇంజను శక్తితోనే తిరుగుతాయి, ముందు వెనకల మధ్య ఒక క్లచ్ ఉంటుంది. ఒక టైరు పెద్దదైతే అది తక్కువ సార్లు తిరుగుతుంది, ఆ తేడా అంతా ఆ క్లచ్ భరించాలి, అది వేడెక్కి అరిగిపోతుంది అని చెప్తుంటే మధ్యలోనే అందుకున్నారు. "మా జీపూ అంతే కదమ్మా, ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద తిప్పితే బిగుసుకుపోతాది. బురద దాటగానే తీసేయమని డ్రైవర్ని తిట్టేవాళ్ళం."

నాలుగూ మార్చకుండా ఇంకో దారి ఉంది. అదే మోడల్ కొత్త టైరు ఒక్కటే కొని, మిషన్ మీద పెట్టి, మిగతా వాటితో సమానంగా అయ్యేదాకా గీకిస్తారు. ఈ షాపులో ఆ మిషన్ లేదు, ఆన్‌లైన్లో ఆర్డర్ చేస్తే గీకి పంపేవాళ్ళున్నారు. నాన్నకి ఈ ముక్క చెప్పడం మాత్రం కష్టమైంది. "మేము అరిగిపోయిన టైరుకి రీట్రెడింగ్ చేయించి మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళం. మీరు డబ్బులిచ్చి కొత్త టైరుని అరగదీయిస్తారా!" ఈ మాట సాయంత్రానికి విశాఖలో అమ్మకీ, అనకాపల్లిలో బాబాయికీ కూడా ఫోన్లో వెళ్ళిపోయింది.

లోపల కాఫీ ఉంది, మా ముందు నలుగురు ఉన్నారు, అలైన్‌మెంట్ ఏమైనా పోయిందేమో చూపించుకునే వెళ్దామని కూర్చున్నాం. నాన్న తాళంచెవి మీద సుబారు గుర్తు తిప్పి తిప్పి చూస్తున్నారు. ఆరు నక్షత్రాలు, ఒకటి పెద్దది, ఐదు చిన్నవి. అవి కృత్తికలు నాన్నా అంటే "పిల్లలకోడా?" అన్నారు. అదే. ఐదు కంపెనీలు కలిసి 1953లో ఫుజి హెవీ ఇండస్ట్రీస్ అనే ఒక పెద్ద కంపెనీ అయ్యాయి, సుబారు వాళ్ళదే, అందుకే ఐదు చిన్నవి, ఒక పెద్దది. "ఈ కంపెనీ మన దగ్గర లేదేం? సుజుకి ఉంది, హోండా ఉంది, టొయోటా ఉంది" అని తర్వాతి ప్రశ్న. మన దేశంలో వీళ్ళు దుకాణమే తెరవలేదు, సాలీనా చేసే బండ్లు తక్కువ, అందులో ఎక్కువ భాగం అమెరికాకే వస్తాయి. ఇక్కడ డెన్వర్‌లో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా పక్కన ఒకటుంటుంది.

అసలు వీళ్ళు కార్లవాళ్ళే కాదు. 1917లో చికుహె నకజిమా అనే జపాన్ నౌకాదళ ఇంజనీరు మొదలుపెట్టిన విమానాల కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాడిన జీరో విమానం డిజైన్ మిత్సుబిషిదే అయినా తయారైన వాటిలో సగానికి పైగా నకజిమా కర్మాగారాల నుంచే వచ్చాయి. ఓడిపోయాక విమానాలు కట్టకూడదన్నారు, కంపెనీని ముక్కలు చేశారు, తర్వాత కలిసిన ఆ ఐదూ ఈ ముక్కల్లోవే. మిగిలిపోయిన బాంబర్ తోక చక్రాలు పెట్టి 1946లో ర్యాబిట్ అని ఒక స్కూటర్ చేసుకున్నారు. 1958లో సుబారు 360 అనే బుల్లి కారు, 356 సీసీ ఇంజను, 16 హార్స్‌పవర్, నలుగురు కూర్చోవచ్చు, మొత్తం బరువు 400 కిలోల లోపే. దాన్ని డిజైన్ చేసిన షిన్రోకు మొమోసె కూడా విమానాల నుంచి వచ్చినవాడే, గ్రాము గ్రాము లెక్కపెట్టడం అక్కడి అలవాటు.

ఆ బుల్లి కారునే 1968లో మాల్కమ్ బ్రిక్లిన్ అనే ఆయన అమెరికాకి తెచ్చాడు, 1297 డాలర్లకి. బరువు వెయ్యి పౌండ్లలోపు కాబట్టి ఇక్కడి భద్రతా నియమాలు అప్పట్లో దానికి వర్తించలేదు, ఆయన చూసుకున్నదీ అదే. మరుసటి ఏడాదే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పరీక్షించి ఇది కొనదగ్గది కాదు అని తేల్చేసింది. బండ్లు అమ్ముడుపోక మిగిలిపోయాయి. ఇంకొకరైతే అక్కడితో ఇంటికెళ్ళిపోయేవారే.

నేను ఇవన్నీ చెప్తుంటే నాన్న సగం వింటూ సగం అవతల లిఫ్ట్ మీదున్న బండి కింద భాగం చూస్తున్నారు. ఒక్క దగ్గర మాత్రం పూర్తిగా నా వైపు తిరిగారు. జపాన్ ఉత్తరాన తొహోకు అని ఒక ప్రాంతం, మంచు విపరీతంగా పడుతుంది. అక్కడి కరెంటు కంపెనీ తొహోకు ఎలక్ట్రిక్ పవర్ వాళ్ళకి కొండల్లో లైన్లు చూసుకోవడానికి జీపులుండేవి. మంచులో పోతాయి కానీ లోపల చలికి మనుషులు గడ్డకట్టుకుపోయేవారు. మామూలు కారులా వెచ్చగా ఉండి, జీపులా నాలుగు చక్రాలతో లాగే బండి కావాలని అడిగితే, మియాగి సుబారు డీలరు వాళ్ళు తమ వర్క్‌షాపులోనే ఒక వ్యాన్ విప్పి, నిస్సాన్ బ్లూబర్డ్ కారు వెనక డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే భాగం) తగిలించి, తయారుచేసి చూపించారు. 1971లో టోక్యో మోటార్ షోలో పెట్టారు, 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్ అని పెద్దఎత్తున తయారీ మొదలైంది. ఈరోజు నా ఔట్‌బ్యాక్ దాకా వచ్చిన వరస అక్కడే మొదలు.

"లైన్‌మెన్ల కోసమా!" అన్నారు నాన్న, నేనేదో ఆయనకి బహుమానం ఇచ్చినట్టు ముఖం వెలిగిపోయింది. ఇక ఆయన చెప్పడం మొదలుపెట్టారు. జనవరిలో లంబసింగి ఘాట్, అర్ధరాత్రి బ్రేక్‌డౌన్, జీపుకి పక్కన తలుపుల్లేవు, టార్పాలిన్ పరదాలు గాలికి టపటపా కొట్టుకుంటుంటే తీగచుట్ట మీద కూర్చుని రెండు గంటలు, ఫీడరు దగ్గర దిగితే వేళ్ళు ప్లయర్స్ పట్టుకోవు, ముందు చితుకులు ఏరి మంట వేసుకుని, అప్పుడు పని. ఇవి నేను చిన్నప్పుడు విన్న కథలు కావు. ఇంట్లో ఆయన ఎప్పుడూ ట్రాన్స్‌ఫర్ల గురించీ పీఆర్సీ గురించీ మాట్లాడటమే నాకు గుర్తు. చివర్లో "మరి నిచ్చెన ఎక్కడ పెట్టేవారు? వ్యాన్ పైన కడితే కొమ్మలకి తగుల్తాది" అని ఆలోచనలో పడ్డారు.

కుర్రాడు బండి తెచ్చి అలైన్‌మెంట్ బాగానే ఉందన్నాడు. టైరు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేశాను, గీకడానికి కొంచెం ఎక్కువ తీసుకున్నారు, అయినా నాలుగింటి ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం పప్పుచారన్నం తిని పడుకోబోతుంటే న్యూజెర్సీ నుంచి మరిది ఫోన్. "వదినా, ఫారెస్టర్ తీసుకుందామనుకుంటున్నా, నువ్వు సుబారు నడుపుతున్నావ్ కదా, ఎలా ఉంటుంది చెప్పు." సుబారు అమెరికా ఆఫీసు వాళ్ళ రాష్ట్రంలోనే, క్యామ్‌డెన్‌లో ఉంది, నన్నడుగుతున్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. మంచులో దీన్ని మించి నేను నడిపింది లేదు. ఐ-70 హైవే మీద కొండల్లోకి వెళ్ళాలంటే సెప్టెంబర్ నుంచి మే దాకా ఇక్కడ రూలుంది, బండి ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలూ లాగేది, అయుండాలి, టైరు గాడి సరిపడా లోతుండాలి, లేకపోతే వింటర్ టైర్లో చెయిన్లో ఉండాలి. ఆ రోడ్డు మీద ఖరీదైన బండ్లు అడ్డంగా తిరిగి నిలబడిపోతే నేను పక్కనుంచి నిదానంగా వచ్చేశాను. నేలకీ బండికీ మధ్య 8.7 అంగుళాల ఎత్తు, అద్దాలు పెద్దవి, చుట్టూ బాగా కనిపిస్తుంది. కానీ ఎత్తు మీదకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, టర్బో లేని ఇంజను ఆయాసపడుతుంది. ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంది, దానికి ముందు ఎక్కుడులో సీవీటీ అనే మెట్లు లేని ఆటోమేటిక్ గేరుబాక్సు ఇంజనుని ఒకే రొదలో పెట్టేస్తుంది, పాట వినబడదు, పక్కవాళ్ళ మాటా వినబడదు. మైలేజీ ఫర్వాలేదు, అంతే.

ఇంకోటి ఆ ఇంజను. చాలా కార్లలో పిస్టన్లు పైకీ కిందికీ పోతే ఇందులో పక్కలకి, ఎదురెదురుగా కొట్టుకుంటాయి. 1966లో సుబారు 1000తో మొదలుపెట్టి ఇప్పటికీ అదే పట్టుకుని ఉన్నారు. పెద్ద కంపెనీల్లో వీళ్ళు కాక ఈ పద్ధతి పోర్షాకే ఉంది. బరువు కిందుగా ఉండటం వల్ల మలుపులో బండి ఒరగదు, మావారు దీని గురించి మొదలుపెడితే 1995 ర్యాలీ రేసులు, వాటిలో సుబారు నడిపి గెలిచిన కాలిన్ మెక్రే, నీలం బండికి బంగారు రంగు చక్రాలు అంటూ భోజనం చల్లారిపోయేదాకా ఆపరు. కానీ స్పార్క్ ప్లగ్గులు పైన ఉండవు, పక్కల్లో ఛాసిస్ గోడకి ఆనుకుని ఉంటాయి, మార్చడానికి మెకానిక్ రెట్టింపు టైమ్ అడుగుతాడు. పాత 2.5 లీటర్ ఇంజన్లలో హెడ్ గ్యాస్కెట్ (ఇంజను భాగాల మధ్య ఉండే సీలు) లీకులు అందరికీ తెలిసిన కథే, ఆ తర్వాత వచ్చిన ఇంజను ఆయిల్ ఎక్కువ తాగుతోందని కొన్ని మోడళ్ళ మీద కోర్టుకి వెళ్ళారు, 2010 నుంచి 2018 దాకా చాలా మోడళ్ళకి సీవీటీ వారంటీ పదేళ్ళకి పొడిగించాల్సి వచ్చింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళెవరైనా ఈ మూడూ అడక్కుండా డబ్బు కట్టకూడదు.

"అయినా ఇంతమంది ఎందుకు కొంటారు?" అన్నాడు. తొంభైల్లో అమ్మకాలు పడిపోయినప్పుడు వీళ్ళు తమ బండి ఎవరు కొంటున్నారో వెతికారు. టీచర్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, కొండలెక్కేవాళ్ళు, ఐటీ వాళ్ళు, వీళ్ళతోపాటు లెస్బియన్ మహిళలు. ఆ రోజుల్లో మిగతా కంపెనీలు వాళ్ళ పేరెత్తడానికే జంకితే వీళ్ళు వాళ్ళ కోసమే ప్రకటనలు తీశారు, వాళ్ళలో ఒకరైన టెన్నిస్ తార మార్టినా నవ్రతిలోవాని కూడా పెట్టారు. నిరసనలొచ్చినా ఆపలేదు. ఈ విషయంలో మాత్రం నాకు ఈ కంపెనీ మీద గౌరవం, టైరు సంగతి ఎలా ఉన్నా. ఐటీ వాళ్ళం కూడా ఆ లిస్టులో ఉన్నామంటే మరిది బాగా నవ్వాడు.

చివరికి నేనే అడిగాను, నీకెందుకు ఇది అని. మీ ఎడిసన్ ఊళ్ళో మంచు పడ్డ పూటకే మునిసిపాలిటీ బండి వచ్చి తోసేస్తుంది, ఆఫీసుకి టర్న్‌పైక్ హైవే మీద పోయిరావడమే, కొండల్లేవు, నీకు మైలేజీ కావాలి గానీ నాలుగు చక్రాల లాగుడు కాదు అన్నాను. టైరు ముచ్చట కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత నెమ్మదిగా బయటపెట్టాడు, నిన్ననే టొయోటా ఆర్‌ఏవీ4 హైబ్రిడ్‌కి అడ్వాన్సు కట్టేశాడట. ఆల్ వీల్ డ్రైవే, కానీ దానికి ముందు నుంచి వెనక్కి షాఫ్టే ఉండదు, వెనక చక్రాలకి విడిగా మోటారు. మరి నాకెందుకు చేశావురా అంటే, "అన్నయ్య సుబారు తీసుకోమని పోరుతున్నాడు వదినా, వద్దన్నట్టు నువ్వొక మాట చెప్తావని" అన్నాడు.

ఫోన్ పెట్టేసి నాన్నకి చెప్తే, "టొయోటా వాళ్ళకి సుబారులో 20 శాతం వాటా ఉందని నువ్వే అన్నావు కదా, ఏది కొంటే ఏటి" అని టీవీ పెట్టుకున్నారు.