సాలూరు ఘాటీ మీదుగా కోరాపుట్‌కి

సాలూరు దాటగానే లారీల వెనక ఘాటీ మొదలవుతుంది. సుంకి దగ్గర ఒడిశా, ఆపైన పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్. వానాకాలంలో మంచు దిగితే మలుపుల్లో ముందు లారీ ఎర్రదీపం తప్ప ఏమీ కనపడదు, అందుకే మేం పొద్దున్నే ఎక్కేశాం. చూడాలనుకున్నది ఈ కొండల మీది లూథరన్ (ప్రొటెస్టెంట్లలో మార్టిన్ లూథర్ బాట పట్టినవారి) చర్చిలను, వాటి మీద సర్కారు వేసిన ముద్రలను.

కోరాపుట్ చర్చి ఊసు కదిలిస్తే "దొరలొచ్చారు, వెనకే ఫాదర్లొచ్చారు" అంటారు. సగమే నిజం. 1813 దాకా ఈస్టిండియా కంపెనీవారికి మిషనరీలంటే గిట్టేది కాదు. వ్యాపారం పాడవుతుందని భయం. ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1800లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో మకాం పెట్టింది కూడా అది డెన్మార్క్ రాజు కింద ఉందనే. ఈ కొండల్లో మాత్రం సర్కారే ముందొచ్చింది. 1839 చట్టంతో గంజాం, విశాఖ ఏజెన్సీల్లో మామూలు కోర్టులు పక్కకు తప్పుకుని కలెక్టరే సర్కారు ఏజెంటుగా తీర్పులు చెప్పేవాడయ్యాడు. 1863లో జైపూర్ (కోరాపుట్ దగ్గరిది, రాజస్థాన్‌ది కాదు) జమీందారీలో తెల్ల అధికారులు కూర్చున్నారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి పోల్, బోత్‌మన్ అనే మిషనరీలు కోరాపుట్ వచ్చారు. తర్వాత సాలూరులోనూ మిషన్ పెట్టారు. అందుకే కొండ మీద ఒడియా, దేశియా (ఇక్కడి కొండవాళ్ళ ఒడియా యాస) పాటలు, కొండ కింద తెలుగు పాటలు.

ఆ రోజుల్లో బ్రెక్లుం ఉన్న ప్రష్యా రాజ్యంలో లూథరన్ సంఘానికి రాజే పెద్ద బిషప్పు. 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం నాటి 'ఏలినవాడి మతమే ఊరి మతం' అన్న పద్ధతికి అది తోక. 1918లో కైజరు (జర్మన్ చక్రవర్తి) దిగిపోయేదాకా తెగలేదు. బ్రెక్లుం మిషన్ సర్కారుది కాదు, 1876లో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు పెట్టిన సంఘం. అయితేనేం, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ తేడా ఎవరికీ పట్టలేదు. దేశంలోని జర్మన్ మిషనరీలను నిర్బంధించి, చాలామందిని గోల్కొండ అనే ఓడెక్కించి వెనక్కి పంపేశారు. ఇక్కడి సంఘాల బరువు అమెరికన్ లూథరన్ల మీద పడింది. ఊళ్ళలో ప్రార్థన ఆగకుండా నడిపింది ఉపదేశులే (ఊళ్ళోని స్థానిక బోధకులే) అని నా నమ్మకం. జైపూర్ ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1928లో ఏర్పడింది. 1936 ఏప్రిల్ 1న కోరాపుట్ మద్రాసు నుంచి ఒడిశాకు మారింది. దాంతో ఒకే సంఘం రెండు ప్రభుత్వాల కిందికి వచ్చింది.

ప్రభుత్వం ఎక్కడుందో చూడాలంటే బలిపీఠం దగ్గర కాదు, పెళ్ళి రిజిస్టరులో చూడాలి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగా పొద్దున్న 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్ళి జరగాలి. పాస్టరుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. పెళ్ళి వివరాలు పుస్తకంలో ఒకసారి, దానికి అంటుకుని ఉండే చీటీ (కౌంటర్‌ఫాయిల్)లో ఒకసారి రాసి, పెళ్ళి చేసినవారు, వధూవరులు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. ఆ కౌంటర్‌ఫాయిల్ చించి రిజిస్ట్రారుకు పంపాలి. తేడా వచ్చేది ఇక్కడే: పంపకపోతే రికార్డు చర్చి బీరువాలోనే ఉండిపోతుంది, ఏళ్ళ తర్వాత పాస్‌పోర్టు కోసం వెతికినప్పుడు ఆఫీసులో పేరు దొరకదు. పాత పుస్తకం చూడాలంటే పాస్టరుగారికి ముందే ఫోను చేసి, మామూలు రోజున వెళ్ళండి. ఆదివారం ఆయనకు తీరదు. ఫొటోలు తియ్యకండి, అందులోవి ఇంకొకరి ఇంటి సంగతులు.

ఇప్పటి ముద్ర వేరే. ఒడిశా 1967లోనే బలవంతపు, ప్రలోభపు మతమార్పిడి మీద చట్టం చేసింది. హైకోర్టు కొట్టేస్తే 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 1989 నియమాల ప్రకారం మారే మనిషి ముందుగా ఫస్టుక్లాసు మేజిస్ట్రేటు ఎదుట డిక్లరేషన్ ఇవ్వాలి, క్రతువు జరిపే పాస్టరు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తేదీ, వేళ, చోటు రాసివ్వాలి. దానికి తోడు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది: దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, ఆదివాసీకి మాత్రం ఎస్టీ హోదా మతంతో పోదు. ఒకే వీధిలో, ఒకే చర్చికి వెళ్ళే రెండు ఇళ్ళవాళ్ళకు తహసీల్దారు ఆఫీసులో దొరికే కాగితాలు వేరు. జైపూర్ బస్సు ఎక్కేదాకా మాట దీని మీదే నడిచింది.