ఒక్కపొద్దు శనివారాలు

మా వైపు పెరటాసి నెల శనివారాలు వెంకటేశ్వరస్వామికి చేస్తాం. పోయినేడు ఆ నెల రెండో శనివారం రాత్రి ఒంటిగంటకు నేను వంటింట్లో, ఫ్రిజ్‌కీ గ్యాస్ సిలిండర్‌కీ మధ్య నేల మీద కూర్చుని ఉన్నాను. లైటు వేయలేదు. ఆ రోజు ఇంట్లో స్వామికి నైవేద్యంగా తళిగ వేశారు, అందరూ తిన్నారు. నేను మాత్రం ఒక్కపొద్దు అని చెప్పి రెండు అరటిపళ్లు, గ్లాసు పాలతో సరిపెట్టాను. పైకి భక్తి, లోపల ఉన్నది బరువు భయం. ఆ మాట స్వామికి తెలుసు, నాకూ తెలుసు.

బెంగళూరులో ఉన్న మా ఆడబిడ్డకు పంపాలని దాచిన తిరుమల కొండ లడ్లు నాలుగు ఉన్నాయి. ఒక ముక్క తుంచుకుందామని కవరు విప్పాను. నాలుగూ అయిపోయాయి. తర్వాత మిగిలిన పులిహోర, ఆ తర్వాత నిప్పట్ల డబ్బా. రుచి తెలియడం లేదు, ఆకలి ఎప్పుడో తీరింది, అయినా చెయ్యి ఆగడం లేదు. ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడల్లా నేను నమిలే చప్పుడు నాకే వినిపించేది. అది మళ్లీ మొదలయ్యేదాకా నోట్లో ముద్ద పెట్టుకుని కదలకుండా కూర్చునేదాన్ని. వేళ్లకు పచ్చకర్పూరం వాసన.

కాసేపటికి కడుపు రాయిలా బిగిసింది. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. గుండెపోటే అనుకున్నాను. మా పాప ఆరో తరగతి. దానికి పొద్దున జడ ఎవరు వేస్తారు అన్న ఆలోచన ఒక్కటే తిరిగింది. అలికిడికి మా అత్తమ్మ లేచి వచ్చి లైటు వేసింది. ఖాళీ కవరు చూసింది, నన్ను చూసింది. ఏమీ అనకుండా వీపు నిమరడం మొదలుపెట్టింది.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, గుండె బాగానే ఉందన్నారు. డ్యూటీ డాక్టర్ మా ఆయన వైపు తిరిగి, "ఏం లేదు, ఎక్కువ తినేసింది. కాస్త నోరు కట్టుకోమనండి" అన్నాడు. నేను పక్కన మంచం మీదే ఉన్నాను. నాతో చెప్పలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నోరు కట్టుకునే కదా నేను ఆ రాత్రికి చేరింది! పన్నెండేళ్లుగా కట్టుకుంటూనే ఉన్నాను.

నెల తర్వాత, నేను పనిచేసే గాంధీ రోడ్డు బట్టల షాపులో బిల్లుల దగ్గర ఉండే అక్క 14416కి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. అది టెలీమానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్రం 2022లో పెట్టిన ఉచిత లైన్, తెలుగులోనే మాట్లాడారు. అలా ముందు సైకియాట్రిస్టు, తర్వాత సైకాలజిస్టు మేడమ్. ఆ అక్క రుణం తీర్చుకోలేను.

మేడమ్ జబ్బు పేరు చెప్పింది: బింజ్ ఈటింగ్ డిజార్డర్. మూడు నెలల పాటు కనీసం వారానికోసారి ఇలా అదుపు తప్పి తింటుంటే, తిన్నాక వాంతి చేసుకోవడం లాంటివి లేకపోతే, దాన్ని ఈ జబ్బు కింద చూస్తారట. 2013లో అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 పుస్తకంలో దీన్ని విడి జబ్బుగా చేర్చారు. బస్సులోంచే మా ఆయనకు ఫోన్ చేసి ఆ పేరు చెప్పాను. స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు.

సీబీటీ అనే పద్ధతిలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే మాటల వైద్యం, వారానికోసారి, 20 వారాలు. మొదటి పని ఒక నోటుబుక్కు. ఏం తిన్నాను, ఎన్నింటికి, ఎక్కడ కూర్చుని, అప్పుడు మనసెలా ఉంది, ఇవే. కేలరీలు రాయొద్దంది. రెండో పని నన్ను భయపెట్టింది: రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండు చిరుతిళ్లు, నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఇంత తింటే ఏమైపోతానో అని ఏడ్చాను. మూడో వారం మేడమ్ నోటుబుక్కు నా ముందు పెట్టి, ఏం కనిపిస్తోందో నన్నే చెప్పమంది. చెడ్డ రాత్రులన్నీ ఒక్కపొద్దు శనివారాలు, లేదంటే గిరాకీలో మధ్యాహ్నం అన్నం మానేసిన రోజులు. నా బుద్ధి వంకర కాదు. పస్తుంచిన ఒళ్లు రాత్రికి తన బాకీ వసూలు చేసుకుంటోంది.

కోరిక లేచినప్పుడు దాంతో కొట్లాడొద్దు, అలలా పెరిగి తగ్గుతుంది, ఇరవై నిమిషాలు చూడమంది. మిద్దె మీదికెళ్లి కొండ దారి దీపాలు చూస్తూ కూర్చునేదాన్ని. కొన్నిసార్లు తగ్గేది. గంగమ్మ జాతర వారంలో రెండు రాత్రులు తగ్గలేదు. ఫోన్ చేస్తే మేడమ్ అడిగింది ఒక్కటే, మర్నాడు పొద్దున టిఫిన్ తిన్నావా అని.

మీ ఇంట్లో ఎవరైనా చాటుగా తింటుంటే దయచేసి డబ్బాలు దాచకండి, మాటలనకండి. పక్కన కూర్చుని వేళకు అన్నం పెట్టండి. అందరికీ ఇదే వైద్యం సరిపోతుందని నేననను, కానీ డాక్టర్‌కు చూపించండి.

ఈ ఏడు పెరటాసి మొదటి శనివారం. అత్తమ్మ పిండి దీపానికి బియ్యప్పిండి కలుపుతోంది. తళిగ కాకముందు తినడమా అని నేను వంటింటి గుమ్మంలో తచ్చాడుతున్నాను. ఆమె చేతులు కడుక్కుని, ప్లేట్లో మూడు ఇడ్లీలు, చట్నీ పెట్టి, నా ముందు కుర్చీ లాగింది.

"ఎనిమిదైంది, ముందు నువ్వు తినుమ్మా. స్వామికి నేను చెప్పుకుంటాలే."