మద్రాసు చేరని మద్రాసు కాసు

1808 తేదీ ఉన్న ఇరవై కాసుల రాగి నాణేలు ఇప్పుడు బజార్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒక రకం మద్రాసు రేవులో దిగి, నెల్లూరు నుంచి గంజాం దాకా ఎక్కడెక్కడో చేతులు మారి, అరిగి, ముదురు గోధుమ రంగుకు తిరిగింది. రెండో రకం మన తీరం మొహమే చూడలేదు. చిత్రం ఏమిటంటే, ఆ రెండోదే చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కొత్తగా పోగుచేసేవాళ్లు దాన్నే ఎగబడి కొంటారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఈ రాగి కాసుల్ని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద ముద్రించేవారు. 1803లో ఒకటి, అయిదు, పది, ఇరవై కాసులు కొట్టారు. 1808 తేదీతో పది, ఇరవై కాసులు వచ్చాయి. పీపాల్లో నింపి కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ఓడలకు ఎక్కించేవారు. వాటిలో ఒకటి అడ్మిరల్ గార్డనర్. 1809 జనవరిలో, ఇంగ్లండు తీరం దాటక ముందే, కెంట్ దగ్గర గుడ్విన్ ఇసుకమేటల మీద తుపానులో మునిగింది. 1985లో గజ ఈతగాళ్లు దాని నుంచి లక్షల సంఖ్యలో నాణేలు పైకి తీశారు. వాడుకలో పడి బతికి బట్టకట్టినవి తక్కువ, సముద్రం అడుగున దాక్కున్నవి ఎక్కువ. అందుకే 1808 ఇరవై కాసులు ఈ రోజుకీ అగ్గువగా దొరుకుతుంది.

రెండింటినీ విడదీయడానికి పదిరెట్లు పెద్దది చేసి చూపే లూప్ చాలు. నాణేన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకోండి. బొమ్మ వైపు కుంపిణీ రాజముద్ర ఉంటుంది: నడుమ డాలు, అటూ ఇటూ జెండాలు పట్టుకున్న సింహాలు. ముందు సింహాల జూలు, డాలు మీది శిలువ గీతలు చూడండి. చేతుల్లో, మూటల్లో, గల్లాపెట్టెల్లో తిరిగిన నాణెం ఎత్తుగా ఉన్న చోటే అరుగుతుంది. జూలు నున్నబడుతుంది, కానీ అక్షరాల మూలల్లో, గుంటల్లో అసలు చెక్కుడు అలాగే ఉండిపోతుంది. ఉప్పు తినేసిన నాణెం అలా ఉండదు. ఉప్పుకు ఎత్తూ పల్లం తేడా లేదు. జూలు వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తూనే, ఖాళీ జాగా అంతా గరుకు కాగితంలా చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. రంగు కూడా అనుమానం రావాల్సినంత కొత్త రాగి రంగు, లేదా పాలిపోయిన గులాబీ. పైకి తీసినవాటిని రసాయనాల్లో శుభ్రం చేశారు కాబట్టి అలా ఉంటుంది. అరుగుదల లేకుండా తుప్పు గుంటలు కనిపిస్తే, అది ఓడ సరుకే అనుకోవచ్చు.

ఓడ సరుకు కొనకూడదని కాదు. చెక్కుడు పని ఎంత సున్నితంగా ఉండేదో చూడాలంటే అంతకు మించిన నమూనా లేదు. దాన్ని "ఆంధ్రదేశంలో చెలామణి అయిన నాణెం" అని చీటీ రాసి ఆల్బంలో పెట్టడమే తప్పు. నా మటుకు నాకు, జూలు అరిగిన ఒక్క నాణెం ముందు మెరిసేవి పది పెట్టినా దిగదుడుపే.

వెనక వైపు పారశీక లిపిలో ఒక వాక్యం, దాని కింద రోమన్ అంకెల్లో విలువ ఉంటాయి. ఇరవై కాసుల మీది వాక్యం: "బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్", అంటే ఇరవై కాసులు నాలుగు ఫలూసులు (ఫలూస్ అంటే రాగి పైసా). పది కాసుల మీద "దహ్ కాస్ దో ఫలూస్ అస్త్". పారశీకం రాకపోయినా ఈ రెండు వాక్యాల ఆకారాన్ని కంటికి అలవాటు చేసుకోండి. నకిలీలు తొందరగా దొరికిపోయేది ఇక్కడే. లిపి తెలియనివాడు అచ్చు చెక్కితే చుక్కలు ఊడిపోతాయి, గీతలు ఎక్కడంటే అక్కడ కలుస్తాయి.

ఈ విలువల వెనక లెక్క పట్టుకుంటే చాలా చిక్కుముడులు వాటంతటవే విడిపోతాయి. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. వరహాకు మూడున్నర రూపాయలు అనుకుంటే రూపాయికి 12 ఫణాలు, అంటే 960 కాసులు. దాన్ని ఇరవైతో భాగిస్తే 48. ఉత్తర సర్కారుల కోసం అదే సోహోలో 1794, 1797 తేదీలతో కొట్టిన పెద్ద రాగి నాణెం మీద "48 టు వన్ రుపీ" అని ఇంగ్లీషులో ఉండడం ఇందుకే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి, బందరు ప్రాంతాలకు ఉద్దేశించిన నాణెం అది. ఒకటి రూపాయి వైపు నుంచి లెక్క చెబుతుంది, రెండోది వరహా వైపు నుంచి చెబుతుంది. విలువ మాత్రం ఒకటే. దానిలో సగం 96వ వంతు. ఈ సర్కారుల నాణెం మీద ఒక వైపు రాజముద్ర, మరో వైపు కుంపిణీ బేళ్ల మీద వేసుకునే గుండె ఆకారపు గుర్తు ఉంటాయి. ఇది ఇరవై కాసుల కన్నా బాగా మందం, బరువు 13 గ్రాముల దరిదాపుల్లో తూగుతుంది.

మన "డబ్బు" అనే మాట మొదట ఇలాంటి రాగి నాణేనికే పేరు. ఇంగ్లీషువాళ్లు దాన్నే "డబ్" అని రాసుకున్నారు. "కాసు" మాత్రం దారి తప్పింది. ఒకప్పుడు రాగి బిళ్లకు పేరైన మాట చివరికి ఎనిమిది గ్రాముల బంగారం దగ్గర తేలింది.

ఇక కొలతలు. 0.01 గ్రాము వరకు చూపే తూకం, వెర్నియర్ కాలిపర్, అయస్కాంతం (అసలు రాగి దానికి అంటుకోదు) దగ్గర పెట్టుకోండి. తూకం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి 2011 నుంచి 2018 దాకా తేదీ ఉన్న అయిదు రూపాయల బిళ్ల వేయండి. 6.00 గ్రాములకు అటూ ఇటూగా రావాలి. 1808 ఇరవై కాసులు కొత్తగా ఉన్నప్పుడు సుమారు 9.3 గ్రాములు, అడ్డకొలత 31 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పది కాసులు సుమారు 4.65 గ్రాములు. అరిగినా బరువు తగ్గుతుంది, ఉప్పు తిన్నా తగ్గుతుంది. కాబట్టి 9 గ్రాములకు దిగువన ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోకండి. ఏ సంవత్సరం నాణేన్ని ఆ సంవత్సరం నాణేలతోనే పోల్చండి.

అడ్డకొలత ఇంకా నమ్మకమైన సాక్షి. అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు ఒకటి రెండు శాతం ముడుచుకుంటుంది. 30.8 ఉండాల్సింది 30.3 అవుతుంది. నాలుగు చోట్ల కొలవండి. అన్ని చోట్లా అర మిల్లీమీటరు తగ్గి, అంచు మీద సన్నటి అతుకు గీతో, గీత రుద్దేసిన ఆకురాయి గుర్తులో కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఇత్తడిని రాగి అని అంటగట్టారన్న అనుమానం ఉంటే సాంద్రత చూడండి. చిన్న గాజు గ్లాసులో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్న నైలాన్ దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. తూకం చూపే అంకెతో నాణెం బరువును భాగించండి. 9.30 గ్రాముల రాగి బిళ్లకు తూకం మీద 1.04 లేదా 1.05 వస్తుంది, అంటే సాంద్రత 8.9. ఇత్తడైతే 1.09 దగ్గరికి పోతుంది. అక్షరాల మధ్య గాలి బుడగ ఇరుక్కుంటే అంకె పెరిగి, మంచి రాగి కూడా ఇత్తడిలా కనిపిస్తుంది. ముంచాక ఒకసారి నెమ్మదిగా ఆడించి మళ్లీ చూడండి. పది కాసుల కన్నా చిన్న బిళ్లలకు ఈ పరీక్ష పనికిరాదు. అంత చిన్న తేడాను ఈ తూకం పట్టుకోలేదు.

పరీక్షలేవీ అక్కర్లేని నకిలీలు ఒక గుంపు ఉన్నాయి. 1616, 1717, 1818, 1839 తేదీలతో, "యూకేఎల్ వన్ అణా" అనో "టూ అణా" అనో రాసి, వెనక రాముడి పట్టాభిషేకమో హనుమంతుడో తామర పువ్వో ఉండే బిళ్లలు. కుంపిణీ అలాంటివి ఎన్నడూ కొట్టలేదు. అవి తర్వాతి కాలంలో పూజకూ అమ్మకానికీ పోసినవి. బియ్యాన్ని లాగుతుందంటూ రైస్ పుల్లింగ్ పేరుతో లక్షలకు అంటగట్టేది కూడా ఎక్కువగా వీటినే. అలాగని "దేవుడి బొమ్మ ఉంటే నకిలీ" అనే సూత్రం పెట్టుకోకండి. 1807 తర్వాత మద్రాసు టంకశాల కొట్టిన వెండి అర వరహా, పావు వరహాల మీద ఒక వైపు గోపురం, మరో వైపు విష్ణువు ఉన్నాయి. విలువ ఇంగ్లీషు, పారశీకాలతో పాటు తమిళం, తెలుగుల్లో కూడా రాశారు. తెలుగు అక్షరాలున్న కుంపిణీ నాణెం కావాలంటే వెతకాల్సింది ఈ మద్రాసు ముద్రల్లో. సోహో రాగిలో తెలుగు కనిపించదు.

శుభ్రం చేయడం గురించి ఒక్క మాట: చేయకండి. చింతపండు, నిమ్మకాయ, చెంబులు తోమే పొడి, ఏదైనా సరే, రెండు నిమిషాల్లో రెండు వందల ఏళ్ల పొరను ఊడ్చేస్తాయి. ఆ గోధుమ పొర మురికి కాదు, రాగిని కాపాడే కవచం. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దండి. పాత ప్లాస్టిక్ కవర్ల వల్ల పట్టిన జిగట పచ్చదనానికి అసలైన అసిటోన్ వాడాలి, నెయిల్ పాలిష్ రిమూవర్ కాదు. గాజు గిన్నెలో, గాలి ఆడే చోట, మంటకు దూరంగా ముంచి తీయండి.

లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది వేరే జబ్బు. లోపల ఇంకిన క్లోరైడు, గాలిలో తేమతో కలిసి రాగిని తింటూ పోతుంది. సముద్రం నుంచి వచ్చిన నాణేలకు ఇది సహజంగానే ఎక్కువ. కాకినాడ, విశాఖ లాంటి చోట వానాకాలంలో మరీ ఎక్కువ. అలాంటి నాణేన్ని వెంటనే విడిగా తీయండి, డిస్టిల్డ్ వాటర్‌లో వారాల తరబడి నానబెట్టి ఉప్పు వదిలించండి, బాగా ఆరనిచ్చి సిలికా జెల్ ఉన్న బిగుతు డబ్బాలో ఉంచండి. జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఆల్బం కొనేటప్పుడు మెత్తగా సాగే పీవీసీ కవర్లు వద్దు. మైలార్ (పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు మంచివి. వాటిని మూయడానికి కొట్టే స్టేప్లర్ పిన్నుల కాళ్లను మాత్రం పట్టకారుతో చదును చేయాలి, లేదంటే పక్క నాణేన్ని గీరేస్తాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లు అక్కడ కొన్న ఓడ సరుకును ఇక్కడికి తెచ్చి వదిలేస్తే, తిరిగి పట్టుకెళ్లడం అంత తేలిక కాదు. పొలం దున్నుతుంటే కుండ బయటపడితే 1878 నాటి నిధి చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపాన్నయినా కలెక్టరుకు తెలపాలి.

నాణేనికి చీటీ రాసేటప్పుడు తేదీ, విలువ, బరువు, అడ్డకొలత, బొమ్మ వైపు నిలువుగా పట్టుకుని తిప్పితే వెనక వైపు ఎటు తిరిగి ఉందో, అన్నీ రాయండి. అన్నిటికన్నా ముఖ్యం ఎక్కడ దొరికిందన్న గడి. పాత రాగి సామాన్ల కొట్టు అయితే ఆ ఊరు పేరు, రేవులో ఇసుక జల్లెడ పట్టేవాళ్ల దగ్గరైతే ఆ రేవు పేరు రాయండి. విలువ, తేదీ ఎవరైనా నాణెం చూసి చెప్పగలరు. ఊరు పేరు నాణెం మీద ఉండదు. అమ్మినవాడు తెలియదంటే ఆ గడిలో "తెలియదు" అనే రాయండి, ఊహించి నింపకండి.