గాలిని టైట్రేట్ చేసినవాడు

ఇంటర్ ప్రాక్టికల్స్ అనగానే మన బ్యాచ్‌లో చాలామందికి పిపెట్‌తో పీలుస్తూ మింగిన ఆక్సాలిక్ ఆమ్లం గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చేది గులాబీ రంగు.

టైట్రేషన్ అంటే ఫ్లాస్క్‌లోని ఆమ్లంలోకి బ్యూరెట్ గొట్టం నుంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదిలి, రంగు గులాబీకి తిరిగేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడడం. మొదటి రీడింగ్ 9.8 వచ్చింది. రెండోసారి కూడా అక్కడే రంగు తిరిగింది కానీ, నేను పక్కవాడితో కబుర్లాడి వచ్చేసరికి ఫ్లాస్క్ తెల్లబోయి ఉంది. మరో చుక్క వేశాను, మళ్లీ పోయింది. అలా 10.1 దాకా వెళ్లాను. వెనకనుంచి కెమిస్ట్రీ సారు అన్నారు: "నీ ఆమ్లం ఎప్పుడో అయిపోయిందిరా. ఇప్పుడు నువ్వు గాలిని టైట్రేట్ చేస్తున్నావు."

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి, ఆ గులాబీనిచ్చే సూచిక ఫినాఫ్తలీన్ రంగును చంపేస్తుందని తర్వాత చెప్పారు. నేనేమో 10.1 కొట్టేసి, రెండో గడిలోనూ 9.8 అని రాసేశాను. దాన్ని 'కుకింగ్' అనేవాళ్లం. మీరూ చేశారు, దాచకండి.

ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక మాత్రల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో చేరాను. అప్పట్లో మా సీనియర్లలో చాలామంది బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో చేయి తిరిగినవాళ్లు. మందులో ఏమేం ఎంతెంత ఉన్నాయో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి శాంపిల్ సిరంజితో చేత్తోనే ఇంజెక్ట్ చేసేవాళ్లం. కొన్నాళ్లకు ఆ పని తనే చేసే ఆటోశాంప్లర్ వచ్చింది. సాయంత్రం ట్రే నింపి ఇంటికి పోతే, రాత్రంతా అదే చూసుకునేది. మాకు పండగే.

ఆ పండగలోనే ఆస్పిరిన్ మాత్రలు ఫెయిలయ్యాయి. మొదటి వయల్స్‌లో, అంటే శాంపిల్ సీసాల్లో, సాలిసిలిక్ ఆమ్లం అనే మలినం లిమిట్ లోపలే ఉంది, తెల్లవారుజామున నడిచినవాటిలో దాటిపోయింది. బ్యాచ్ ఒకటే! ప్రొడక్షన్ వాళ్లు మమ్మల్ని తిట్టారు, మేం వాళ్లని తిట్టాం. మూడో రోజు యంత్రం గీసిన గ్రాఫులు, అదే క్రోమటోగ్రాములు, టైము ప్రకారం బల్లమీద వరసగా పేర్చాను. సాలిసిలిక్ ఆమ్లాన్ని చూపే పీక్ (శిఖరం) మెట్లెక్కుతున్నట్టు గంటగంటకూ పెరుగుతోంది. సారు గొంతు మళ్లీ వినబడింది.

ఆస్పిరిన్‌కి నీళ్లు పడవు. నీళ్లు కలిసిన ద్రావణంలో మెల్లగా విడిపోయి సాలిసిలిక్ ఆమ్లాన్నిస్తుంది. చేత్తో ఇంజెక్ట్ చేసిన రోజుల్లో దానికి అంత వ్యవధి దొరకలేదు. ఇప్పుడు వయల్‌లో రాత్రంతా నానుతోంది. మాత్రలో లేని మలినాన్ని మేమే తయారుచేసి, మేమే కొలుస్తున్నాం. మాత్రను కరిగించే ద్రవం, డైల్యూయెంట్‌లో నీళ్లు తగ్గించి, కాస్త ఆమ్లం చేర్చి, ట్రేని 5 డిగ్రీలకు చల్లబరిచాం. మెట్లు పోయాయి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి మెథడ్‌లోనూ ద్రావణం ఎన్ని గంటలు నిలుస్తుందో ముందు చూసేవాణ్ణి. నా కింద పనిచేసిన పిల్లలకు అది చాదస్తం.

2019లో ఎసిడిటీ మందు రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ (క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం) ఉందన్న గొడవ వచ్చినప్పుడు ఇదే గుర్తొచ్చింది. ఒక ల్యాబ్ వాడిన పద్ధతిలో శాంపిల్‌ను 130 డిగ్రీల దాకా వేడిచేశారు; ఆ వేడికే ఎన్‌డీఎంఏ పుడుతోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చి, వేడి అక్కర్లేని పద్ధతి వాడమంది. అంకెలు బాగా తగ్గాయి. అలాగని మందు నిర్దోషి కాదు. నిల్వలో, ముఖ్యంగా ఎక్కువ వేడిలో, మాత్రలోనూ అది పెరుగుతోందని తేలి, 2020 ఏప్రిల్‌లో దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తీసేయమన్నారు. రోజుకు 96 నానోగ్రాములు దాటకూడని పదార్థం మరి.

మొన్న అటక సర్దుతుంటే ఇంటర్ రికార్డు బయటపడింది. 9.8, 9.8. కొట్టేసిన 10.1 కింద ఇంకా కనబడుతోంది. పక్కనే సారు సంతకం. తెలిసే పెట్టారని నా అనుమానం.